వేట మొదలయ్యే ముందు మోచేతుల సంగతి

జూన్ 14 దాటితే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు మళ్లీ కదులుతాయి. 61 రోజుల వేట నిషేధంలో ఇంజన్లు బాగుచేయిస్తారు, బోట్లకు రంగులు వేయిస్తారు. చేతుల గురించి మాత్రం ఎవరికీ పట్టదు. బరువు లాగడం మరిచిన చేతులు మొదటి ట్రిప్పులోనే గంటల తరబడి తడి తాళ్లు లాగితే మోచేతి నొప్పి పట్టుకుంటుంది.

మోచేతికి బయటివైపు తడిమితే చిన్న ఎముక బుడిపె తగులుతుంది. మణికట్టును పైకి ఎత్తే కండరాలు అక్కడే అతుక్కుని ఉంటాయి. పిడికిలి బిగించినప్పుడల్లా మణికట్టు లోపలికి ముడుచుకోకుండా అవే కాస్తాయి, ఆ లాగుడంతా అతుకు మీదే పడుతుంది. కండరాన్ని ఎముకకు అతికించే ఆ పీచునే టెండన్ అంటారు. అసలే దానికి రక్తప్రసరణ తక్కువ. సన్నటి చిరుగులు మానకముందే మళ్లీ మళ్లీ లాగితే దాని పీచు పట్టు తప్పి నాసిగా తయారవుతుంది. పేరుకి టెన్నిస్ ఎల్బో గానీ, వచ్చేవాళ్లలో చాలామంది రాకెట్ ముట్టనివాళ్లే. నొప్పి లోపలివైపు బుడిపె దగ్గరుంటే అది గోల్ఫర్స్ ఎల్బో.

నిషేధం ఇంకో నెల ఉండగానే చేతిని అలవాటు చేయండి. ముంజేయి తొడమీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉంచి, లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో సాయంపట్టి మణికట్టు పైకి లేపి, సాయం వదిలేసి, ఐదు లెక్కపెడుతూ మెల్లగా దించండి. పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే సీసాలో నీళ్లు తగ్గించండి. రోజంతా వలలు కుట్టేవాళ్లు అది విశ్రాంతి అనుకోవద్దు, వేళ్ల బిగింపు మోచేతికే తగులుతుంది. మధ్యమధ్యలో లేవాల్సిందే.

బోటులో చెయ్యి బారగా చాపి లాగకండి. మోచెయ్యి కాస్త వంచి, ఒంటికి దగ్గరగా ఉంచి, కాళ్ల బలంతో వెనక్కి వాలండి. ఐసు, చేపల ట్రేలు అరచేతులు పైకి పెట్టి, ఇద్దరు పట్టి ఎత్తాలి. వల లాగేవాళ్లనీ చేపలు ఏరేవాళ్లనీ సరంగు (బోటు నడిపే పెద్ద) మారుస్తూ ఉంటే సగం గొడవ తీరుతుంది.

టీ గ్లాసు ఎత్తినా, తువ్వాలు పిండినా పోటు వస్తుంటే లాగుడు పని తగ్గించండి. ‘ఒక్క సూదితో పోతుంది’ అని స్టెరాయిడ్‌కి తొందరపడొద్దు. కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది, కానీ ఏడాది తర్వాత చూస్తే అది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉంటున్నారు. చిటికెన వేలు తిమ్మిరెక్కినా, దెబ్బ తగిలి చెయ్యి చాపలేకపోయినా కథ వేరు. అప్పుడు విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో మరోచోటో ఎముకల డాక్టరుకి వెంటనే చూపించండి.