వంగ మొక్క మీద చుక్కల పురుగు, ఉంచాలా తీసేయాలా?

మేడ మీద వంగ మొక్కలకి చుక్కల పురుగులు పట్టాయి, అందరూ అక్షింతల పురుగే (లేడీబర్డ్), మొక్కల రసం పీల్చే పేనుబంకని తింటుంది వదిలేయ్ అన్నారు గానీ ఆకులు చూస్తే నాకు డౌట్ వచ్చింది, ఈనెలు మిగిల్చి పచ్చదనమంతా గీకేసి జల్లెడలా చేశాయి. ఫోన్‌లో జూమ్ చేస్తే వీపు మీద మెరుపే లేదు, సన్నటి నూగు, 28 నల్ల చుక్కలు. ఎపిలాక్నా పెంకు పురుగు ఇది, పక్కా చీడే. అసలు అక్షింతల పురుగైతే నున్నగా మెరుస్తుంది, దాన్ని మాత్రం చంపొద్దు ప్లీజ్.

ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపులు, ఒళ్ళంతా ముళ్ళున్న పసుపు పిల్ల పురుగులు కూడా ఉన్నాయి. ఆ ఆకులు తుంచేసి, పెద్ద పురుగుల్ని పొద్దున్నే సబ్బు నీళ్ళలోకి దులిపేసి, సాయంత్రం లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టా. కొత్త చిగుళ్ళు శుభ్రంగా వస్తున్నాయి. టమాటా, బంగాళాదుంప వేసినవాళ్ళూ చూసుకోండి, వాటికీ పడుతుంది.