బ్రిటన్ ఎన్నికల్లో పన్ను హామీలు ఎలా చదవాలి: ముందు మీ పే స్లిప్ తీయండి

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియని సంగతి ఒకటుంది. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నా, వర్క్ వీసా మీదే ఉన్నా, ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఇండియా కామన్వెల్త్ దేశం కావడం వల్ల వచ్చిన హక్కు అది. కాబట్టి స్లౌలోనో రెడింగ్‌లోనో వీకెండ్ భోజనాల దగ్గర పన్నుల మీద జరిగే వాదన ఉత్త కాలక్షేపం కాదు, అక్కడున్న సగం మంది చేతిలో ఓటుంది. తర్వాతి సాధారణ ఎన్నికలు 2029 ఆగస్టు మధ్యలోపు ఎప్పుడైనా రావచ్చు, ఈలోగా హామీలను ఎలా తూకం వేయాలో చూద్దాం.

మేనిఫెస్టో తెరిచే ముందు మీ పే స్లిప్ తెరవండి. ఏడాదికి 40,000 పౌండ్ల జీతం అనుకుందాం. మొదటి 12,570 మీద పన్ను లేదు, మిగిలిన 27,430 మీద 20 శాతం చొప్పున 5,486 ఇన్‌కమ్ టాక్స్, అదే మొత్తం మీద 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్లు, భృతుల పేరుతో జీతంలోంచి కోసే వాటా), అంటే ఇంకో 2,194. (స్కాట్లండ్‌లో ఉంటే ఇన్‌కమ్ టాక్స్ స్లాబులు వేరు, ఈ లెక్క మీకు సరిపోదు.) ఈ రెండు అంకెలు మీ జీతానికి ఎంతో రాసి పెట్టుకుంటే ఏ హామీనైనా రెండు నిమిషాల్లో పౌండ్లలోకి మార్చొచ్చు. 2024లో కన్సర్వేటివ్‌లు ఉద్యోగుల నేషనల్ ఇన్సూరెన్స్ ఇంకో 2 శాతం తగ్గిస్తామన్నారు, అంటే ఈ జీతానికి ఏడాదికి 549, నెలకు 46 పౌండ్ల లోపు. రిఫార్మ్ యూకే పార్టీ వాళ్లు పన్ను లేని పరిమితిని 20,000కి పెంచుతామన్నారు, అంటే 1,486 మిగులు. రెండోది ఘనంగా ఉంది కదా? కానీ పార్ట్ టైమ్ చేస్తూ 12,000 సంపాదించే మనిషికి దాంతో ఒక్క పెన్నీ కూడా రాదు, అసలు పన్నే కట్టని మనిషికి ఇంకేం తగ్గిస్తారు. ప్రతి హామీకీ ఈ ప్రశ్న వేయాలి: ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతా. పార్టీలన్నీ రేట్ల గురించి మాట్లాడతాయి, పరిమితుల గురించి గొంతు తగ్గిస్తాయి. పన్ను లేని 12,570, 40 శాతం పన్ను మొదలయ్యే 50,270 అనే అంకెలు 2021 నుంచి కదల్లేదు. 2021 బడ్జెట్‌లో అప్పటి కన్సర్వేటివ్ ఆర్థిక మంత్రి రిషి సునాక్ వాటిని 2026 దాకా ఆపేశారు, 2022లో అదే పార్టీ ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ 2028 దాకా పొడిగించారు, 2025 నవంబర్‌లో లేబర్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2031 దాకా లాగారు. రెండు పార్టీలూ ఒకే పని చేశాయి, జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ రేటు మాత్రం ఎవరూ పెంచలేదు! 2021లో 48,000 జీతం ఉన్న మనిషికి 40 శాతం స్లాబుతో పనే లేదు. ధరలతో పాటే జీతమూ పెరిగి 58,000 అయిందనుకోండి, కొనగలిగే సరుకు దాదాపు అంతే, కానీ 7,730 పౌండ్లు 40 శాతం స్లాబులోకి వెళ్లిపోయాయి. చాప కింద నీరులా వచ్చే పన్ను ఇది. అందుకే "ఇన్‌కమ్ టాక్స్ పెంచం" అని ఎవరైనా అంటే, "మరి పరిమితులు పెంచుతారా?" అని వెంటనే అడగండి. జవాబు తిన్నగా రాకపోతే అదే జవాబు.

ఇక్కడే ఒక అపోహ కూడా వదిలించుకోవాలి, ఎందుకంటే బాగా చదువుకున్నవాళ్లు కూడా దీని మీద గంటలు వాదిస్తారు. 50,270 దాటితే జీతం మొత్తం మీద 40 శాతం పడదు, దాటిన ముక్క మీదే పడుతుంది. ప్రమోషన్ వద్దనుకునేంత టెన్షన్ అక్కర్లేదు. నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు 100,000 దగ్గర. అక్కడి నుంచి ప్రతి రెండు పౌండ్లకు ఒక పౌండ్ చొప్పున పన్ను లేని పరిమితి కరిగిపోతుంది, 125,140కి పూర్తిగా పోతుంది. ఈ మధ్యలో సంపాదించే ప్రతి వంద పౌండ్లకూ చేతికొచ్చేది 38. పైగా తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి ఆదాయం 100,000 దాటినా ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే చైల్డ్‌కేర్ సాయం ఆగిపోతుంది. చెరో 60,000 తెచ్చుకునే జంటకు ఈ బాధ లేదు, ఒకరు 105,000, ఇంకొకరు 15,000 తెచ్చే ఇంటికి ఉంది. లండన్ చుట్టుపక్కల ఐటీలో ఉన్నవాళ్లు అభ్యర్థిని తప్పక నిలదీయాల్సిన విషయం ఇది, ఎవరూ అడగరు.

అడిగేముందు మనం ఎక్కడ నిలబడ్డామో కూడా తెలుసుకోవాలి. 2019 ఎన్నికల ముందు లేబర్ 80,000 దాటిన ఆదాయం మీద పన్ను పెంచుతామంటే, టీవీ చర్చలో ప్రేక్షకుల్లోంచి ఒకాయన లేచి, అంతకన్నా ఎక్కువే సంపాదిస్తున్నా గానీ తాను టాప్ 50 శాతంలో కూడా లేనని గట్టిగా వాదించాడు. నిజానికి ఆయన టాప్ 5 శాతంలో ఉన్నాడు. మన వీకెండ్ భోజనాల దగ్గరా అంతే, చుట్టూ మనలాంటి జీతగాళ్లే కనబడితే అందరూ మధ్యతరగతే అనిపిస్తుంది.

పెద్ద అంకె వినబడితే ముందు "ఎన్నేళ్లకు?" అనండి. 2024 జూన్‌లో టీవీ డిబేట్‌లో లేబర్ వస్తే ఒక్కో కుటుంబం మీద 2,000 పౌండ్ల పన్ను పడుతుందని అప్పటి ప్రధాని సునాక్ పదే పదే అన్నారు. అది నాలుగేళ్లకు కలిపిన మొత్తం, ఏడాదికైతే 500. అది నాలుగేళ్ల లెక్క అని వినేవాళ్లకు తెలిసే దారే లేదని ప్రభుత్వ గణాంకాల మీద నిఘా పెట్టే స్టాటిస్టిక్స్ అథారిటీ తప్పుపట్టింది. లెక్క వేసింది ట్రెజరీ (ఆర్థిక శాఖ) అధికారులే అన్న మాటా నిలబడలేదు, దాన్ని సివిల్ సర్వీస్ అంకెగా చూపకూడదని ట్రెజరీ ఉన్నతాధికారి అప్పటికే లేఖ రాసి ఉన్నారు. లేబర్ ఏమైనా తక్కువ తిన్నదా? కన్సర్వేటివ్‌లు గెలిస్తే మార్ట్‌గేజ్ 4,800 పెరుగుతుందని వీళ్లూ ఐదేళ్లది కలిపేసి చెప్పారు.

"పెంచం" అన్న హామీల చరిత్ర కూడా కాస్త గుర్తుంచుకోండి. 2001లో లేబర్ ఇన్‌కమ్ టాక్స్ రేట్లు పెంచబోమని మాటిచ్చి, 2003 ఏప్రిల్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ ఒక శాతం పెంచింది. మాట తప్పలేదు, పక్క సందులోంచి వచ్చింది, అంతే. 2019లో కన్సర్వేటివ్‌లు ఇన్‌కమ్ టాక్స్, వ్యాట్, నేషనల్ ఇన్సూరెన్స్ మూడూ పెంచబోమన్నారు, 2022 ఏప్రిల్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ 1.25 శాతం పెంచి అదే ఏడాది నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. 2024లో లేబర్ కూడా ఆ మూడూ పెంచబోమని చెప్పి, గెలిచాక కంపెనీలు కట్టే వాటాను 13.8 నుంచి 15 శాతం చేసింది, కంపెనీ కట్టడం మొదలుపెట్టే పరిమితిని 9,100 నుంచి 5,000కి దించింది. హామీ ఉద్యోగి వాటా గురించే అని వాళ్ల వాదన. మన 40,000 జీతానికి కంపెనీకి ఏడాదికి దాదాపు 986 పౌండ్ల అదనపు ఖర్చు. పే స్లిప్‌లో ఇది మీ జీతంలోంచి కోతగా కనబడదు, ఆ ఏడాది ఇంక్రిమెంట్ చిక్కిపోయి కనబడుతుంది. నన్నడిగితే అది పన్నే.

మేనిఫెస్టోలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ వాళ్లు వాటిని చీల్చి చెండాడతారు. 2024లో ప్రధాన పార్టీలన్నీ కష్టమైన నిజాల మీద కూడబలుక్కుని నోరు మూసుకున్నాయని సూటిగానే అన్నారు. వాట్సాప్ ఫార్వర్డ్‌లు పది చదివే బదులు వాళ్ల విశ్లేషణ ఒకటి చదవండి. అభ్యర్థి తలుపు తడితే టీ ఇచ్చి మరీ ఆ ప్రశ్నలు అడగండి, చిన్న ఆధిక్యం ఉన్న నియోజకవర్గమైతే ఇంకా ఓపిగ్గా వింటారు.

ఇంత చేసి ఓటరు జాబితాలో పేరు లేకపోతే ఏం లాభం. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే రిజిస్ట్రేషన్ ముగుస్తుంది, 2024 జూలై 4 ఎన్నికలకు జూన్ 18 అర్ధరాత్రే ఆఖరు. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి, ఇల్లు మారితే మళ్లీ చేయాలి. పోలింగ్ కేంద్రంలో ఫొటో ఐడీ అడుగుతారు. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, గడువు తీరిపోయినా ఫొటోలో ఉన్నది మీరేనని గుర్తుపట్టగలిగితే చాలు.