పొన్నంకి పిట్టను వెతికే పద్ధతి

ఆకుపచ్చ వీపు, భుజాల మీద మెరిసే నీలి మచ్చ, లేత గోధుమరంగు రొమ్ము, తెల్లని గొంతు, కంటి మీదుగా సాగే వెడల్పాటి నల్లని పట్టీ, తోక కింద కుంకుమ ఎరుపు, ఇన్ని రంగులు ఒకే ఒంటి మీద ఉన్నందువల్ల పొన్నంకి పిట్టను హిందీలో నవరంగ్ అని పిలుస్తారు. అయినా రంగును నమ్ముకొని వెతికేవారికి ఇది ఒక పట్టాన దొరకదు. పొదల నీడలో నేల మీద తిరిగే ఈ పక్షి మనకు వీపు తిప్పి నిలబడితే ఆకుల మధ్య మరో ఆకులా కలిసిపోతుంది. ఎరుపంతా కడుపు కిందే దాగి ఉంటుంది. అందుచేత మొదట నెలను, తరువాత వేళను, ఆ పైన నేలను చూసుకొని వెతకడం అలవాటు చేసుకోవాలి. శాస్త్రవేత్తలు ఈ పక్షి ప్రజాతికి పెట్టిన ‘పిట్టా’ అన్న పేరు మన తెలుగు మాటే కాబట్టి, దీనిని గుర్తుపట్టవలసిన బాధ్యత మనకు కొంచెం ఎక్కువే ఉందని నా అభిప్రాయం.

ఈ పక్షి హిమాలయ పాదప్రాంతాల అడవుల్లోనూ, మధ్య, పశ్చిమ భారతదేశపు కొండల్లోనూ నైరుతి రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు వరకు, గూడు కట్టి పిల్లలను పెంచుతుంది. వానలు వెనుకబట్టాక దక్షిణ భారతదేశానికీ, శ్రీలంకకూ వలస వచ్చి, చలికాలమంతా ఇక్కడే గడిపి, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి మళ్లుతుంది. దక్షిణాదిలో ఉన్నవారు సెప్టెంబరు చివరి నుంచి చెవి ఒగ్గి ఉండాలి. ప్రయాణం రాత్రిపూట సాగుతుంది కనుక, దారిలో అలసిన పక్షి తెల్లవారేసరికి ఊరి మధ్యనున్న చిన్న తోటలోనైనా దిగవచ్చు.

వేళ విషయంలో తమిళులు పెట్టిన పేరే దారి చూపుతుంది. వారు దీనిని ఆరుగంటల పిట్ట అంటారు. తెల్లవారుజామునా, సందెవేళా ఇది తల వెనక్కు వాల్చి, స్పష్టమైన రెండు స్వరాల ఈల వేస్తుంది. ఒకటి పలికితే చుట్టుపక్కల ఉన్న మరొకటి బదులివ్వడం కూడా వినవచ్చు. పొద్దుపొడిచే ముందే పొదల దగ్గరకు చేరి, కదలకుండా నిలబడి, ఈల వచ్చిన దిక్కును గుర్తుపెట్టుకోవాలి. ఫోనులో దీని కూతను రికార్డు నుంచి వినిపించి రప్పించడం తగదు, ఎందుకంటే మేతకు వెచ్చించవలసిన సమయాన్ని ఆ పక్షి లేని పోటీదారుకోసం వెతకడంలో పోగొట్టుకుంటుంది.

దిక్కు తెలిసిన తరువాత కొమ్మలను వదిలి ఎండుటాకులు మందంగా పరుచుకున్న తేమ నేలను చూడాలి. పొన్నంకి పిట్ట మేత అంతా అక్కడే ఉంటుంది: పురుగులు, వాటి లార్వాలు, చెదలు, చీమలు, వానపాములు. పొడవాటి కాళ్లతో గెంతుతూ వచ్చి, ఆగి, ముక్కుతో ఆకులను పక్కకు విసిరి, కింద దొరికినదాన్ని పట్టి మళ్లీ గెంతుతుంది. అందువల్ల కంటికి పక్షి కనబడకముందే చెవికి ఆకుల గలగల వినబడుతుంది. ఆ చప్పుడు ఉడుతదో తొండదో కూడా కావచ్చు. ఒకేచోట ఆగి ఆగి ఆకులు ఎగిరిపడుతుంటే మాత్రం బైనాక్యులర్ అటు తిప్పడం మంచిది. కురచైన తోకను మెల్లగా పైకీ కిందికీ ఆడించడం మరో గుర్తు. బెదిరితే నేలబారుగా ఎగిరి పొదలో దూరుతుంది, అప్పుడు రెక్కల చివర తెల్లమచ్చలు తళుక్కుమంటాయి. వెంటపడకుండా అక్కడే పది పదిహేను నిమిషాలు కూర్చుంటే, మేత ఉన్నచోటికి అది తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

తోట ఉన్నవారు దీనికోసం గింజలు చల్లినా ప్రయోజనం లేదు. ఒక మూల పొదలను పెరగనిచ్చి, రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టకుండా వదిలేసి, పురుగుమందు చల్లడం మానుకుంటే చాలు, మేత దానంతట అదే సిద్ధమవుతుంది. పిల్లిని ఆ వైపు రానివ్వకూడదు.

వలస నెలల్లో ఇది దీపాల వెలుగుకు భ్రమసి ఇళ్లలోకి రావడమూ, అద్దాలకు కొట్టుకొని పడిపోవడమూ జరుగుతుంటుంది. అలా దొరికిన పక్షిని మెత్తని గుడ్డతో పట్టుకొని, గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో ఉంచి, మూత వేసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్నచోట ఒకటి రెండు గంటలు వదిలేయాలి. నోట్లో నీళ్లు పోయడం, అన్నం కుక్కడం ప్రాణం మీదికి తెస్తాయి. తేరుకొని పెట్టెలో కదులుతున్న చప్పుడు వినిపిస్తే, మనుషుల అలికిడి లేని పొదల పక్కన పెట్టె మూత తీసి దూరంగా జరగాలి. రెక్క వేలాడుతున్నా, కాళ్ల మీద నిలబడలేకపోయినా అటవీశాఖ వారికి వెంటనే కబురు చేయాలి. అడవి పక్షిని పంజరంలో పెట్టి పెంచుకోవడం చట్టరీత్యా నేరం.