సెకండ్ హ్యాండ్ సెవెన్ సీటర్ డీజిల్ బండి: లక్షణం ఏంటి, కారణం ఏంటి, ఏం చేయాలి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు. నెలకి రెండు మూడు బండ్లైనా ఒకే కథతో వస్తాయి. ఇంటిల్లిపాదీ తిరగడానికని ఏడు సీట్ల పెద్ద డీజిల్ ఎస్‌యూవీ తీసుకున్నారు, ఇంకా ఇరవై రోజులు కూడా కాలేదు, కొనేటప్పుడు బ్రహ్మాండంగా ఉందన్నా, ఇప్పుడు పికప్ లేదు, మీటర్లో పసుపు లైటు ఆరట్లేదు అంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే, కొనేముందు డిప్‌స్టిక్, అంటే ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ, తీసి చూశారా అని. సన్‌రూఫ్ చూశామంటారు, రివర్స్ కెమెరా చూశామంటారు, సీట్లన్నీ మడిచి చూశామంటారు. రెండు నిమిషాల పని, ఒక టిష్యూ పేపర్ చాలు, అది మాత్రం ఎవరూ చూడరు. పది పదిహేను లక్షల వస్తువు, చాలామంది అప్పు చేసి కొంటున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంది

అమ్మేవాళ్ళు ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. డీజిల్ ఇంజన్ లోపాలు సగం బయటపడేది చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి తాళం తిప్పినప్పుడే. అందుకే వెళ్ళగానే మాటలు మొదలుపెట్టకముందే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే గొడవేం వద్దు, రేపు పొద్దున ఏడింటికి వస్తామండీ, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు అని చెప్పి వచ్చేయండి. పొద్దున స్టార్టర్ ఎక్కువసేపు తిరిగి, తెల్ల పొగ కొట్టి, కాసేపు ఇంజన్ కుదుపుతుంటే గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌ని వేడి చేసేవి) గానీ ఇంజెక్టర్లు (సిలిండర్లోకి డీజిల్ కొట్టేవి) గానీ అయి ఉంటాయి. గ్లో ప్లగ్గులైతే చిన్న ఖర్చు, ధరలో తగ్గించి అడగొచ్చు. ఇంజెక్టర్లైతే ఒక్కోటి వేలల్లో ఉంటుంది, నాలుగు ఉంటాయి, లెక్కేసుకోండి. నీలం పొగ వస్తే మాత్రం ఆయిల్ కాలుతోంది, ఇంకో బండి చూస్కోండి.

ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతోంది

ఎక్కువసార్లు వీల్ బ్యాలెన్సింగే, లేకపోతే రిమ్ వంగి ఉంటుంది. ఆ పక్కనే టైరు మీద నాలుగంకెలు చదవండి, 1522 అని ఉంటే 2022లో 15వ వారం తయారైంది. స్టెప్నీతో కలిపి అయిదూ చదవాలి. మీటరు ఇరవై వేలు చూపిస్తూ 2021 బండికి టైర్లన్నీ కొత్తవి ఉంటే, ఆ పాత టైర్లు ఇరవై వేలకే ఎందుకు పోయాయో అడగండి. సర్వీస్ రికార్డులో ప్రతి సర్వీసుకీ కిలోమీటర్లు రాసి ఉంటాయి, ఆ వరస చూస్తే మీటరు వెనక్కి తిప్పారో లేదో తెలిసిపోద్ది.

మూడో వరసలో ఏసీ రావట్లేదు

ఇది కొన్నాక మొదటి ఎండాకాలంలో గానీ తెలీదు, ఎందుకంటే టెస్ట్ డ్రైవ్‌లో ఎవరూ వెనక కూర్చోరు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టేది అక్కడే, మధ్యాహ్నం పూట వెళ్ళి మీరే పావుగంట అక్కడ కూర్చోండి. ముందర చల్లగా ఉండి వెనక లేకపోతే ముందు ఫిల్టరు, వెనక బ్లోయరు చూడాలి. కొన్ని బండ్లలో వెనక్కి ఏసీ పైపులు ఫ్లోర్ కింద నుంచి పోతాయి, అవి తుప్పు పట్టి లీకవుతాయి. గ్యాస్ నింపేస్తే సరిపోద్ది అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, ఏసీ గ్యాస్ అనేది పెట్రోల్ లాగా వాడితే అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే, లీకు పట్టుకున్నాకే నింపాలి.

క్లచ్ సంగతి ఒక్క ముక్కలో చెప్తా, నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతూ గట్టిగా తొక్కితే ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. పెద్ద బండికి క్లచ్ సెట్, దాంతో ఫ్లైవీల్ కూడా మార్చాల్సి వస్తే చిన్న డబ్బులు కాదు.

పికప్ పోయింది, పసుపు లైటు, మైలేజీ పడిపోయింది: అసలు దొంగ ఇది

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. తేనెపట్టు లాగా సన్నటి గదులు, పొగలో మసిని పట్టుకుంటుంది. అది నిండాక ఆ మసిని అక్కడికక్కడే దాదాపు ఆరొందల డిగ్రీల వేడికి కాల్చేయాలి, దాన్నే రీజెన్ అంటారు. హైవే మీద సమంగా పోయే బండికి ఇది ఎవరికీ తెలీకుండా జరిగిపోద్ది. సిటీలో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి ఆ వేడే రాదు. అప్పుడు కంప్యూటరు ఏం చేస్తుందంటే, వేడి పుట్టించడానికి పిస్టన్ కిందికి దిగేటప్పుడు కొంచెం ఎక్స్‌ట్రా డీజిల్ కొడుతుంది, ఆ డీజిల్ సైలెన్సర్ దారిలోకి పోయి అక్కడ మండి ఫిల్టరుని వేడి చేస్తుంది. దీనికి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపే స్కూలు వచ్చేస్తుంది, బండి ఆపేస్తారు. పని సగంలో ఆగిపోద్ది. సాయంత్రం మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆపేస్తారు. ఇలా ఆగిన ప్రతిసారీ ఆ ఎక్స్‌ట్రా డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీంచి జారి కింద ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, పల్చబడుతుంది. ఆ పల్చటి ఆయిలే టర్బో బేరింగుకీ, క్రాంక్ బేరింగులకీ పోతుంది.

ఇక్కడ అందరూ తలకిందులుగా ఆలోచించే విషయం ఒకటుంది. సింగిల్ ఓనర్, తక్కువ తిరిగింది, సిటీలోనే వాడారు, పిల్లల స్కూలుకే తీశారు అంటే మనవాళ్ళు కళ్ళకద్దుకుని కొంటారు. పెట్రోల్ బండికైతే ఆ లెక్క చాలావరకు సరే. బీఎస్ 6 డీజిల్‌కి మాత్రం నేను ఎక్కువ భయపడేది ఆ బండికే. హైదరాబాద్ విజయవాడ మధ్య తిరిగి తొంభై వేలు దాటిన బండి ఫిల్టరు, పాతిక వేలు తిరిగిన స్కూలు బండి ఫిల్టరు కంటే శుభ్రంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

నేను కూడా దీనికి బలయ్యాను. మా అక్కావాళ్ళకి 2021 డీజిల్ బండి నేనే చూసి కొనిపించాను. ఇరవై ఎనిమిది వేలు తిరిగింది, డాక్టర్ గారి బండి, గీత పడలేదు. డిప్‌స్టిక్ తీశాను కూడా, ఆయిల్ మాక్స్ గీత మీద రెండు వేళ్ళు ఉంది, సర్వీసులో కొంచెం ఎక్కువ పోసి ఉంటార్లే అనుకుని తుడిచి పెట్టేశాను. తొమ్మిదో రోజు శ్రీశైలం బయల్దేరారు, దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే లైటొచ్చి బండి లింప్ మోడ్‌లో పడింది, అంటే ఇంజన్ పాడవకుండా కంప్యూటరే పవర్ తగ్గించేసింది, రెండో గేరులో కూడా ఈడ్చుకుంటూ పోతోంది. అక్క ఫోన్ చేసి, ఒరేయ్ తమ్ముడూ, బండి ఎక్కట్లేదురా, వెనక అత్తయ్యగారూ పిల్లలూ ఉన్నారు, అడవిలో ఉన్నాం అంది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తుంది. టోయింగ్ బండి మీద షెడ్డుకి తెచ్చి ఆయిల్ దించితే నీళ్ళలా జారింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే బంకు వాసన. టర్బో కూత పెడుతోంది. కొత్త డీపీఎఫ్‌కి, టర్బోకి కలిపి వచ్చిన కొటేషన్ చూసి బావగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఒకటే అడిగారు, నువ్వు చూసే కదరా తీసుకున్నాం అని. లైటు కొనేరోజు ఎందుకు రాలేదంటే అమ్మకానికి ముందు ఎవరో స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్లు చెరిపేశారు. చెరిపితే లైటు ఆరిపోద్ది, మసి పోదు కదా, కొన్ని రోజులకి మళ్ళీ వచ్చేస్తది.

అప్పట్నుంచీ నేను చేసేది ఇదీ. బండి చదునైన చోట, ఇంజన్ ఆగి కనీసం పది నిమిషాలు అయ్యాక డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తీయండి. తగ్గిందా అని అందరూ చూస్తారు, పెరిగిందా అని చూడాలి. మాక్స్ గీత దాటి ఉంటే వాసన చూడండి, తర్వాత ఒక చుక్క టిష్యూ పేపర్ మీద వేసి పది నిమిషాలు వదిలేయండి. మంచి ఆయిలైతే నల్ల మచ్చ ఒక చోట నిలబడుతుంది. డీజిల్ కలిసి ఉంటే ఆ మచ్చ చుట్టూ జిడ్డుగా, కాగితం అవతలికి కనిపించేలా వెడల్పాటి వలయం పాకుతుంది. ఇంకోటి, ఆయిల్ తేనె రంగులో మెరుస్తుంటే సంతోషపడకండి, డీజిల్ ఇంజన్లో ఆయిల్ కొద్ది వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది, సర్వీస్ టైము కాకుండా కొత్త ఆయిల్ ఎందుకు పోశారో బిల్లు అడగండి.

తర్వాత సైలెన్సర్ చివర లోపల టిష్యూతో తుడవండి. డీపీఎఫ్ బాగున్న బండికి పెద్దగా ఏమీ అంటదు. బాగా నల్లటి మసి వస్తే లోపల ఫిల్టరు పగిలింది, లేదా తీసేసి ఖాళీ డబ్బా వదిలేశారు. ఫిల్టరు తీసేయించడం చట్టప్రకారం తప్పు, ఆ పొగ పీల్చేది వెనక స్కూటర్ మీద పోయే పిల్లలు, అలాంటి బండి ఎంత చవగ్గా ఇచ్చినా నేను ఎవరితోనూ కొనిపించను.

మూడోది, వెయ్యీ రెండు వేలకి బండి కంప్యూటర్ని చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ దొరుకుతుంది, స్టీరింగ్ కింద పెట్టి ఫోన్లో చూడొచ్చు. కోడ్లు ఉన్నాయా లేవా అన్నది కాదు ముఖ్యం, కోడ్లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగింది అనే లైన్ ఒకటి చాలా బండ్లలో వస్తుంది. అది నలభై, యాభై కిలోమీటర్లు చూపిస్తే మొన్ననే చెరిపారని అర్థం. ఎందుకు చెరిపారని అడగండి, సరైన సమాధానం బిల్లుతో సహా రాకపోతే లేచి వచ్చేయండి. మెకానిక్ దగ్గర మంచి స్కానర్ ఉంటే మసి ఎంత శాతం నిండింది, ఆఖరి రీజెన్ అయ్యి ఎన్ని కిలోమీటర్లైంది కూడా తెలుస్తుంది. ముప్పై నలభై కిలోమీటర్లకోసారి రీజెన్ కొడుతున్న బండి జబ్బు బండే.

ఇప్పటికే కొనేసినవాళ్ళకి రిపేరు సంగతి. లైటు ఇప్పుడే వచ్చి, పికప్ ఇంకా బాగానే ఉండి, ఆయిల్ గీత దాటకపోతే ఖాళీ హైవే మీద ఒక గేరు తక్కువలో, ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం పైన ఉండేలా ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా నడపండి, చాలావరకు ఆరిపోద్ది. ఆయిల్ గీత దాటి ఉంటే మాత్రం నడపొద్దు, ముందు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి, డీపీఎఫ్ బండ్లకి బూడిద తక్కువొచ్చే ఆయిల్ వేరే ఉంటుంది. లింప్ మోడ్‌లో పడిపోతే సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి నిలబెట్టి రీజెన్ చేస్తారు, అప్పుడు సైలెన్సర్ నిప్పులా ఉంటుంది, కింద ఎండు గడ్డి, చెత్త లేకుండా చూస్కోండి, అయ్యాక ఆయిల్ మళ్ళీ మార్చడమే మంచిది. దానికీ లొంగకపోతే ఫిల్టరు విప్పి క్లీన్ చేయించాలి, ఆఖరికి కొత్తది.

కానీ కొత్తది పెట్టేముందు అది ఎందుకు నిండిందో పట్టుకోండి, లేకపోతే లక్ష పోసిన ఫిల్టరు మళ్ళీ నిండుతుంది. ఇంజెక్టరు కారుతుందా, పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుందా, టర్బో గొట్టం చీలిందా చూడాలి. చాలామంది వదిలేసేది థర్మోస్టాట్, అంటే రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచి మూసేది, అది తెరుచుకుని ఇరుక్కుంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, వేడెక్కకపోతే కంప్యూటరు రీజెన్ మొదలే పెట్టదు. అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకి రాకపోతే ముందు దాన్నే మార్చండి, డీపీఎఫ్‌తో పోలిస్తే అది చాలా చవక.

అరుదుగా వచ్చేవి

వరదలో మునిగిన బండి: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మునిగినవి చాలా ఉన్నాయి మా ఊళ్ళో, సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో, సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింద వాసన చూడండి, అనుమానమొస్తే వద్దు. ఢిల్లీ బండి చవగ్గా వస్తుందంటే అక్కడ పాత డీజిల్ బండ్లకి ఆంక్షలున్నాయి కాబట్టే, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ కలుపుకుని అప్పుడు చవకో కాదో చూడండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే పూర్తి డబ్బు. బీఎస్ 4 బండ్లలో మామూలుగా డీపీఎఫ్ ఉండదు కాబట్టి పైన చెప్పిన గొడవ వాటికి లేదు.

కొత్త బండి కొనేవాళ్ళకి కూడా డీపీఎఫ్ విషయం ఇంతే. రోజూ నాలుగు కిలోమీటర్ల స్కూలు, కూరగాయలు, నెలకోసారి కూడా హైవే ఎక్కరు అంటే డీజిల్ వద్దు. ఏడు సీట్లలో పెట్రోల్ బండ్లూ ఉన్నాయి, ఇన్నోవా హైక్రాస్‌లో అసలు డీజిలే లేదు, మైలేజీ కావాలంటే దాని హైబ్రిడ్ చూడండి. షోరూమ్‌లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, మీరే వారానికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

మా అక్కావాళ్ళ బండి ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఆదివారం పొద్దున్నే అక్క దాన్ని మంగళగిరి మీదుగా కాజా టోల్ ముందు దాకా తీసుకెళ్ళి తెస్తుంది. దార్లో ఆర్‌పీఎం కొంచెం పెరిగి, ఆపబోతే ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ వేడి వాసన వస్తుంటే రీజెన్ జరుగుతోందని తనకి తెలుసు, అప్పుడు ఇంటి ముందు ఆపకుండా ఇంకో రౌండ్ వేసి వస్తుంది. నెలకోసారి డిప్‌స్టిక్ ఫోటో తీసి నాకు పంపిస్తుంది.