అటాచ్డ్ బాత్రూమ్ మార్చే ముందు: ఇబ్బంది ఏమిటో చూసి లేఅవుట్ వేసుకోండి

బెంగళూరులో 30 బై 40 సైట్లలో కట్టిన ఇళ్లలోనూ, పాత అపార్ట్‌మెంట్లలోనూ బెడ్‌రూమ్‌కి ఆనుకుని ఉండే బాత్రూమ్ చాలావరకు 4 బై 7 అడుగులో, 5 బై 7 అడుగులో ఉంటుంది. 5 బై 8 ఉంటే అదృష్టమే. దాన్ని పగలగొట్టి కొత్తగా చేయించాలి అనుకోగానే చాలామంది ముందు వెళ్లేది టైల్స్ షాపుకి. టైల్స్ ఎప్పుడైనా ఎంచుకోవచ్చు. అంతకంటే ముందు, ఇప్పుడున్న బాత్రూమ్‌తో ఇంట్లో ఎవరికి ఏం ఇబ్బందిగా ఉందో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. అందులో సగానికి పైగా ఇబ్బందులు పాతబడటం వల్ల వచ్చినవి కావు, ఏది ఎక్కడ పెట్టారో దాని వల్ల వచ్చినవి. అది మార్చకుండా పైపైన మెరుగులు దిద్దితే ఎంత ఖర్చుపెట్టినా అవే తిప్పలు మళ్లీ మొదలవుతాయి.

ఒకరు స్నానం చేస్తే బాత్రూమ్ అంతా తడి

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కేఆర్ పురంలో మా పిన్ని వాళ్ల పాత బాత్రూమ్‌లో షవర్ తలుపు పక్కనే ఉండేది, నీళ్లు పోయే జాలీ మాత్రం ఎదుటి మూలన, కమోడ్ వెనక. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు గది మొత్తం దాటుకుని వెళ్లాలి. గుమ్మం దగ్గర పట్టా ఎప్పుడూ తడిగానే ఉండేది. తలుపు కింది అంచు ఉబ్బి, ప్లైవుడ్ పొరలు పొరలుగా లేచిపోయింది. కింద ఇనుప రేకు కొట్టించినా ఆగలేదు.

కారణం వరుస తప్పడం. తలుపు తీయగానే వాష్ బేసిన్, తర్వాత కమోడ్, చివర షవర్ ఉండాలి. రోజులో ఎక్కువసార్లు వాడేది దగ్గరగా, ఎక్కువ నీళ్లు పడేది దూరంగా అన్నమాట. 5 బై 8 గదిలో ఇది చక్కగా కుదురుతుంది: చివర 3 అడుగులు షవర్‌కి, మధ్యలో రెండున్నర అడుగులు కమోడ్‌కి, తలుపు వైపు రెండున్నర అడుగులు బేసిన్‌కి. నీళ్లు పోయే జాలీ షవర్ భాగంలోనే ఉండాలి, వీలైతే చివరి గోడ వారన. కమోడ్ వైపు కడగడానికి ఇంకో చిన్న జాలీ ఉంటే మంచిది.

రెండో కారణం వాలు. 5 అడుగులకు సుమారు 1 అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు. ఇప్పుడు 2 బై 4 అడుగుల పెద్ద టైల్స్ ఫ్యాషన్ కదా, వాటిని నేల మీద కూడా వేసేస్తున్నారు. పెద్ద టైల్ ఒకే వైపు వాలుతుంది, జాలీ చుట్టూ నాలుగు వైపుల నుంచీ వాలు తేవడం కష్టం. గోడకి పెద్దవి వేసుకోండి, షవర్ నేలకి మాత్రం 1 బై 1 అడుగు మ్యాట్ టైల్స్ చాలు. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ పెట్టకముందే ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి పావుగంట ఆగి చూడండి. ఎక్కడ మడుగు కనిపిస్తే అక్కడి టైల్ ఆ రోజే తీయించాలి. గ్రౌట్ ఆరాక చెబితే మేస్త్రి కూడా వినడు.

షవర్‌కీ మిగతా భాగానికీ మధ్య గట్టు కట్టించాలా వద్దా అని చాలామంది అడుగుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే గట్టు వద్దనే చెబుతాను. దానికి కాలు తగిలి పడే ప్రమాదం ఉంది. షవర్ నేలని మిగతా నేలకన్నా అర అంగుళం కిందికి దింపి, పక్కన కదలని గాజు పలక ఒకటి పెట్టిస్తే సరిపోతుంది. 4 అడుగుల వెడల్పు గదిలో తెరుచుకునే గాజు తలుపు పెట్టించుకోవద్దు, తీసినప్పుడల్లా కమోడ్‌కి తగులుతుంది.

కమోడ్ మీద కూర్చుంటే మోకాళ్లు గోడకి, మోచెయ్యి బేసిన్‌కి

కారణం: కాగితం మీద కొలతలు వేసినప్పుడు ప్లాస్టరింగ్, టైల్స్ మందం లెక్కలోకి తీసుకోకపోవడం. ఒక్కో గోడ అంగుళం నుంచి అంగుళంన్నర దాకా లోపలికి వస్తుంది. ఇటుక నుంచి ఇటుకకి 5 అడుగులు ఉన్న గది పూర్తయ్యేసరికి 4 అడుగుల 9 అంగుళాలే మిగులుతుంది.

పనికొచ్చే కొలతలు ఇవి. కమోడ్ మధ్య గీత నుంచి పక్క గోడకి గానీ బేసిన్ అంచుకి గానీ 15 అంగుళాలు. కమోడ్ ముందు ఖాళీ కనీసం 21 అంగుళాలు, 24 ఉంటే హాయి. షవర్‌కి 3 బై 3 అడుగులు. బేసిన్ పై అంచు నేల నుంచి 32, 33 అంగుళాల ఎత్తున. స్నానం, టాయిలెట్ కలిసి ఉండే గది కనీసం 2.8 చదరపు మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు ఉండాలని జాతీయ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. అంటే 30 చదరపు అడుగులు, 4 అడుగుల వెడల్పు. అంతకన్నా తగ్గే పరిస్థితి ఉంటే బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ నుంచి ఒక అడుగు తీసుకునే వీలుందేమో చూడండి.

కొలతలు చదివితే అర్థం కాదు, నిలబడి చూస్తేనే తెలుస్తుంది. మేడ మీద ముగ్గుపిండితో బాత్రూమ్‌ని అసలు సైజులో గీయండి. టైల్స్ మందం తీసేసిన కొలతతోనే గీయాలి. కమోడ్ చోట ప్లాస్టిక్ స్టూల్ వేసి ఇంట్లో అందరికన్నా లావుగా ఉన్నవాళ్లని కూర్చోమనండి. బేసిన్ చోట వంగి ముఖం కడుక్కున్నట్టు చేయండి, వెనక ఏం తగులుతుందో చూడండి. పక్కన బకెట్ పెట్టి పీట మీద కూర్చుని చూడండి. అరగంట పని ఇది. ఏ త్రీడీ బొమ్మా ఇంత స్పష్టంగా చెప్పదు.

హెల్త్ ఫాసెట్ (కమోడ్ పక్కన కడుక్కునే చిన్న చేతి షవర్) ఎటు వైపు పెట్టాలో కూడా అప్పుడే తేల్చుకోండి. కూర్చున్నప్పుడు కుడిచేతికి అందాలి. కుడివైపు గోడ లేకపోతే, అంటే అటువైపు షవర్ ఖాళీ ఉంటే, వెనక గోడకి పెట్టాల్సి వస్తుంది, ప్రతిసారీ వెనక్కి తిరిగి తీసుకోవాలి. ఈ ఒక్క కారణంతో కమోడ్‌ని ఒక గోడ నుంచి ఇంకో గోడకి మార్చుకున్నవాళ్లున్నారు, తప్పేం లేదు.

గోడకి తగిలించే కమోడ్ అయితే జాగా కలిసొస్తుందని షాపువాళ్లు చెబుతారు. బెంగళూరు ఇళ్లలో లోపలి గోడలు ఎక్కువగా 4 అంగుళాల బ్లాకులవి. అందులో కన్సీల్డ్ సిస్టర్న్, అంటే గోడలో దాచే ఫ్లష్ ట్యాంకు, ఇమడదు. దాని ముందు ఇంకో సన్న గోడ కట్టాలి, అలా ఐదారు అంగుళాలు పోతాయి. చివరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కింద తుడవడం మాత్రం నిజంగా సులువు, అది కావాలనుకుంటే పెట్టించుకోండి.

తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు వాళ్ల ఒంటికే అడ్డుపడి తెరుచుకోదు. బెడ్‌రూమ్‌లో మంచం అడ్డం వస్తే స్లైడింగ్ తలుపు ఆలోచించండి.

కమోడ్ జాగా మార్చాక మాటిమాటికీ అడ్డుపడుతోంది

కారణం: డక్ట్‌కి, అంటే పైపులు కిందికి దిగే నిలువు సందుకి, దూరంగా జరపడం. కమోడ్ నుంచి వెళ్లేది 110 మిల్లీమీటర్ల పైపు. దానికి 40 అడుగులకు 1 అడుగు చొప్పున వాలు కావాలి. 6 అడుగులు జరిపితే పైపు దాదాపు 2 అంగుళాలు దిగాలి. సన్‌కెన్ స్లాబ్ (పైపుల కోసం బాత్రూమ్ కింద లోతుగా దింపిన స్లాబ్) 9 అంగుళాల నుంచి అడుగు దాకా లోతున్న పాత ఇళ్లలో ఇది సాధ్యమే. లోతు తక్కువ ఉన్నచోట ప్లంబర్ వాలు తగ్గిస్తాడు, లేదా రెండు గట్టి వంపులు పెడతాడు. నీళ్లు ముందుకెళ్లిపోయి మలం అక్కడే ఆగుతుంది.

పరిష్కారం: కమోడ్‌ని డక్ట్ గోడ దగ్గరే ఉంచి, షవర్, బేసిన్ జాగాలు మార్చుకోండి. వాటి పైపులు చిన్నవి, తిప్పడం తేలిక. కొన్ని అపార్ట్‌మెంట్లలో పైపులు కింది ఫ్లాట్ సీలింగ్ కింద వేలాడుతుంటాయి. అలాంటి చోట కమోడ్ కదపాలంటే కింది వాళ్ల ఇంట్లో పని చేయాలి. వాళ్ల అనుమతి, అసోసియేషన్ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

వాస్తు చూసేవాళ్లకి ఒక మాట. ఉత్తరమో దక్షిణమో ముఖం ఉండేలా కూర్చోవాలి అనుకుంటే, సీటుని అదే మూలలో తిప్పి పెట్టే వీలుంటుంది చాలాసార్లు. మొత్తంగా ఇంకో మూలకి జరపనక్కర్లేదు. పని మొదలయ్యాక వాస్తు పెద్దాయన్ని పిలిచి, వేసిన పైపులు పీకించడం కన్నా ముగ్గుపిండి గీతల దగ్గరే ఆయన్ని అడిగేయండి.

కొత్త కమోడ్ కొనేముందు టైల్స్ అయిన గోడ నుంచి నేలలో రంధ్రం మధ్యకి ఎంత దూరమో కొలవండి. నేలలోకి నీళ్లు వదిలే ఎస్-ట్రాప్ కమోడ్లు 9 అంగుళాలవీ 12 అంగుళాలవీ దొరుకుతాయి. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

బకెట్ ఎక్కడ పెట్టినా కాలికి అడ్డం

డిజైనర్లు గీసే బొమ్మల్లో బకెట్ ఉండదు. మన ఇళ్లలో ఉంటుంది. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఊరిది. షవర్ ఎంత ఖరీదైనదైనా డ్రమ్ము పక్కన పెట్టుకోక తప్పలేదు. కాబట్టి షవర్ గోడకి నేల నుంచి 2 అడుగుల ఎత్తున ఒక కుళాయి, దాని కింద బకెట్ పట్టే చోటు, మూలన డ్రమ్ముకి అడుగున్నర జాగా లేఅవుట్‌లోనే గీయించండి. పీట మీద కూర్చుని స్నానం చేసే పెద్దవాళ్లకి పక్కన పట్టుకునే కమ్మీ కావాలి, అది టైల్స్‌కి కాదు, వెనకున్న గట్టి గోడకి బిగియాలి.

బెడ్‌రూమ్‌లోకి కంపు

అటాచ్డ్ బాత్రూమ్‌లో ఇది నిద్ర పాడుచేసే ఇబ్బంది. ముందు జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోయండి. కాసేపటికి కంపు తగ్గితే జాలీ కింద నీళ్లు నిలిచి కంపుని ఆపే నహాని ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయన్నమాట. వాడని జాలీ ఎక్కడుంటే అక్కడ ఇది తప్పదు. అందుకే బేసిన్ నీళ్లు కూడా అదే ట్రాప్‌లోకి వెళ్లేలా కలిపిస్తే ఎప్పుడూ ఎండదు. ఫ్లష్ చేసినప్పుడు జాలీలో గుడగుడ శబ్దం వస్తుంటే అది వేరే కథ: డక్ట్‌లో గాలి పైపు లేదు, లేదా మూసుకుపోయింది. కిందికి పోయే నీళ్లు ట్రాప్‌లోని నీళ్లని కూడా లాగేస్తున్నాయి. గాలి పైపుని మేడ పైదాకా తీయించాలి.

రెండూ కాకపోతే బేసిన్ కింద చూడండి. మెత్తటి గొట్టాన్ని నేరుగా పైపులో గుచ్చి వదిలేసి ఉంటారు, చుట్టూ ఖాళీ ఉంటుంది. అక్కడ రబ్బరు సీల్ పెట్టించండి.

పక్క గోడకి చెమ్మ, కింది ఇంటి సీలింగ్‌కి మచ్చ

ముందు చెమ్మ ఎక్కడి నుంచో తేల్చాలి. రెండు మూడు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా మూసేయండి, లోపలికి వచ్చే నీళ్ల వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. అయినా తడి పెరుగుతుంటే గోడలోని నీళ్ల పైపు కారుతోంది. ఆరుతుంటే నేల గానీ, డ్రైనేజీ పైపు గానీ కారణం.

లేఅవుట్ విషయంలో చేయగలిగింది ఒకటుంది: షవర్ గోడ వెనక వార్డ్‌రోబ్ రాకుండా చూసుకోవడం. బయటి గోడకి షవర్ పెడితే బట్టలు బూజు పట్టవు. కిటికీ కూడా అటే ఉంటుంది కాబట్టి తడి త్వరగా ఆరుతుంది. వాటర్‌ప్రూఫింగ్ నేలంతా, షవర్ గోడలకి 7 అడుగుల దాకా, మిగతా గోడలకి అడుగు ఎత్తు చేయించండి. తర్వాత జాలీలు మూసి 2 అంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, 48 గంటలు ఉంచండి. కింది ఇంటి వాళ్లని ఒకసారి సీలింగ్ చూడమనండి. ఈ పరీక్ష ఎగ్గొట్టడానికి కాంట్రాక్టర్ తొందరపెడతాడు, ఒప్పుకోకండి. అప్పటికే పైపులు వేసి ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ఎవరైనా నేలలో రంధ్రం చేశారంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

షవర్ సన్నగా వస్తోంది, వేడినీళ్లు ఆలస్యం

షవర్‌కి 10 అడుగుల ఎత్తున ట్యాంక్ ఉంటే వచ్చే ప్రెషర్ 0.3 బార్ మాత్రమే. పై అంతస్తులో పెద్ద రెయిన్ షవర్ అందుకే ఏడుస్తుంది. ప్రెషర్ పంపు పెట్టించాలి, లేదంటే మామూలు హ్యాండ్ షవర్‌తో సరిపెట్టుకోవాలి. బోరు నీళ్లయితే షవర్ రంధ్రాల్లో తెల్లటి పొర కడుతుంది, వెనిగర్‌లో నానబెడితే పోతుంది. సోలార్ నుంచి వచ్చే పైపు పొడవైతే వేడినీళ్లు వచ్చేలోపు బకెట్ చల్లనీళ్లు పోతాయి. ఆ పైపుకి ఇన్సులేషన్ చుట్టించండి.

గీజర్‌ని తలుపు మీది భాగంలో పెట్టండి, షవర్ నెత్తిన కాదు. దాని స్విచ్ బెడ్‌రూమ్ వైపు ఉండాలి. బాత్రూమ్ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగినా ఆవిరి పోకపోతే తలుపు కింద అర అంగుళం సందు వదలండి. గాలి లోపలికి రాకుండా బయటికి పోదు.

చెప్పింది ఒకటి, కట్టింది ఒకటి

బెంగళూరులో ప్లంబర్లు చాలామంది ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, తాపీ మేస్త్రి మనవాడో తమిళుడో అవుతాడు, టైల్స్ వేసేది ఇంకో రాష్ట్రం వాళ్లు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరదు. అందుకే పగలగొట్టిన గోడల మీదే రంగు చాక్‌పీసుతో ప్రతి పాయింట్ గీసి, పక్కన నేల నుంచి ఎత్తు అంకెల్లో రాయండి. ఆ ఎత్తు పాత నేల నుంచి కాదు, కొత్త టైల్స్ మట్టం నుంచి అని గట్టిగా చెప్పండి. దానికోసం నాలుగు గోడలకీ ఒకే మట్టంలో దారం గీత వేయించండి.

పైపులు ప్లాస్టర్‌తో మూసేముందు ప్రతి గోడకీ టేపు అడ్డంగా, నిలువుగా పెట్టి ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. రేపు అద్దానికో టవల్ రాడ్‌కో డ్రిల్లింగ్ చేసేటప్పుడు ఎక్కడ పైపు లేదో ఆ ఫోటోలు చూసే చెప్పగలుగుతారు.