అందరూ సరే అన్నారని సంతకం పెట్టేయకండి: పదిమందిలో కూర్చుని నిర్ణయం తీసుకోవడం ఎలా

మన గోదావరి డెల్టాలో ఏదైనా పదిమంది కూర్చునే తేల్చుకుంటాం కదండీ, కాలువ పూడిక దగ్గర్నుంచి తీర్థం చందాల దాకా, ఈమధ్య అయితే చేలు రొయ్యల చెరువులకి లీజుకివ్వాలా వద్దా అనేదాకా. ఈ చివరిదాన్నే పట్టుకుని చెప్తాను, ఎందుకంటే ఇది పొరపాటైతే వెనక్కి తీసుకునే నిర్ణయం కాదు, ఒకసారి తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేలలో మళ్ళీ దాళ్వా వరి ఊడ్చడం అంటే మాటలు కాదు.

మామూలుగా జరిగేది ఇది. ఒకే బోదె (పిల్లకాలువ) కింద ఓ పన్నెండు మంది రైతులు, రామాలయం అరుగు మీద మీటింగు, లీజుకొచ్చినాయన బ్లాకు మొత్తం ఇస్తేనే తీసుకుంటానంటాడు. ముందు ఊళ్ళో పెద్దాయన "వరిలో ఏం మిగుల్తుందిరా, ఇచ్చేద్దాం" అంటాడు. మేనల్లుడు "అంతే మావయ్యా" అంటాడు, మూడో ఆయన తలూపుతాడు. నాలుగో ఆయనకి డౌటుంది గానీ నేనొక్కణ్ణే అడ్డం పడ్డానంటారేమో అని ఊరుకుంటాడు. మౌనం అర్ధాంగీకారం కదా, కాగితం చేతులు మారిపోతుంది. అసలు మాటలు ఇంటికెళ్ళేటప్పుడు గట్టు మీద బయటికొస్తాయి, "నాకిష్టం లేదు బావా" "నాకూ లేదెహె, నువ్వు ఒప్పుకున్నావని నేనూ పెట్టాను" అని. 1974లో జెర్రీ హార్వే అనే అమెరికా ప్రొఫెసర్ ఇలాంటిదే రాశాడు, వాళ్ళ అత్తారింట్లో మండుటెండలో అబిలీన్ అనే ఊరికి భోజనానికి వెళ్ళొచ్చి, తీరా చూస్తే నలుగురిలో ఒక్కరికీ వెళ్ళాలని లేదంట.

ఇది మన పల్లెటూళ్ళ బలహీనతేం కాదు. 1951లో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు కాలేజీ కుర్రాళ్ళకి గీతలు చూపించి ఏది దేంతో సమానం అని అడిగాడు, ఒంటరిగా అయితే నూటికి ఒక తప్పు కూడా రాలేదు. అదే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ముందే మాట్లాడుకుని తప్పు చెప్తే, ఆ సంగతి తెలియని కుర్రాడి జవాబుల్లో దాదాపు మూడో వంతు వాళ్ళతో పాటు తప్పైపోయాయి. కళ్ళెదురుగా ఉన్న గీత అండీ, రొయ్య రేటు లాంటి తెలియని విషయం కూడా కాదు. ఇందులో మనకి పనికొచ్చేవి రెండు. ఆ తప్పు చెప్పేవాళ్ళు ముగ్గురుంటే చాలు, ఇంకా పెంచినా పెద్ద తేడా రాలేదు. రెండోది, నిజం చెప్పేవాడు పక్కన ఒక్కడుంటే తప్పులు అంతకుముందు వచ్చినవాటిలో నాలుగో వంతుకి పడిపోయాయి.

అందుకని మొట్టమొదట చేయాల్సింది, ఎవరూ నోరు విప్పకముందే చీటీలు పంచండి. ఇష్టమా కాదా, ఎందుకు, భయం ఏంటి, అంతే, పేరొద్దు. పన్నెండు మందిలో చేతిరాత అందరికీ తెలిసిపోతుంది కాబట్టి ఆ బ్లాకులో సెంటు భూమి కూడా లేని కుర్రాణ్ణి ఎవర్నైనా పిలిచి అన్నీ కలిపి చదివించండి. రాయడం రానివాళ్ళుంటే ముందురోజే ఇంటికెళ్ళి విడిగా అడగండి. ఇదంతా చాదస్తంలా ఉంటుంది, నవ్వుతారు కూడా, నవ్వనివ్వండి.

పెద్దాయన చివర్లో మాట్లాడాలి. ఇదే కష్టం. "మీరు మాట్లాడకండి" అంటే గొడవైపోద్ది, అదే "మావయ్యా, మీరు ముందే చెప్పేస్తే ఇంక మాకు నోరు రాదు, అందర్నీ విని చివర్లో మీరే తేల్చండి" అనండి, గౌరవం పెరిగినట్టే ఉంటుంది, పని అవుద్ది. సాక్షాత్తూ అమెరికా ప్రెసిడెంటే ఇలాంటి పని చేశాడు. 1961లో సుమారు 1400 మంది ప్రవాసుల్ని క్యూబా మీదకి పంపి కెన్నెడీ ప్రభుత్వం మూడ్రోజుల్లో చావుదెబ్బ తింది, ఆయన సలహాదారు ష్లెసింజర్ కి ఆ ప్లాన్ మొదట్నుంచీ నచ్చలేదు, విడిగా కాగితం మీద రాసిచ్చాడు కూడా, కానీ అందరూ కూర్చున్న గదిలో గట్టిగా అనలేకపోయాడు. ఇర్వింగ్ జానిస్ అనే సైకాలజిస్టు 1972లో గ్రూప్ థింక్ (గుంపు మాటకి ఎదురు చెప్పలేక అందరూ ఒకే దారిన పోవడం) గురించి రాసినప్పుడు దీన్నే పెద్ద ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ దెబ్బ తిన్న మరుసటి ఏడాదే, 1962లో, క్యూబా క్షిపణుల గొడవ వచ్చినప్పుడు కెన్నెడీ కొన్ని మీటింగులకి కావాలనే వెళ్ళలేదు, తను లేకపోతేనే మనసులో మాట చెప్తారని.

డౌటున్నది మీకే అయితే ఒంటరిగా మీటింగుకి వెళ్ళకండి, ముందురోజు సాయంత్రం ఒక్కళ్ళతోనైనా మాట్లాడి పెట్టుకోండి, ఇద్దరు చాలు. అక్కడికెళ్ళాక "వద్దు" అనకుండా ప్రశ్నలు అడగండి. వైట్ స్పాట్ (రొయ్యల్ని తుడిచిపెట్టే తెగులు) వచ్చి లీజుదారు మధ్యలో వదిలేసిపోతే గట్లు చదును చేసేదెవరు? పక్కచేనులోకి ఉప్పు ఊట దిగితే నష్టం ఎవరిది? మురుగు ఏ డ్రైన్లో కలుపుతారు? పర్మిషన్ కాగితం ఏది? 1990ల్లో టైగర్ రొయ్య మీద అందరూ ఎగబడ్డారు, కొన్నేళ్ళకే వైట్ స్పాట్ ఊడ్చేసింది, 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ అదే పరుగు. పక్కోడు తవ్వాడు కాబట్టి లాభమే అనుకోవడం, ఆ పక్కోడూ ఇంకో పక్కోణ్ణి చూసే తవ్వడం, గొర్రెదాటు అంటే ఇదే. (వనామీలో బాగుపడ్డవాళ్ళు లేరని కాదు, భీమవరం వైపు చూస్తే తెలుస్తుంది. వాళ్ళు లెక్క వేసుకుని దిగారా, చూసి దిగారా అన్నదే నా గోల.)

ఎవరూ ఎదురు చెప్పే రకం కాదనుకోండి, గ్యారీ క్లెయిన్ అనే ఆయన 2007లో రాసిన కిటుకు ఒకటుంది, మన అరుగు మీద కూడా పనిచేస్తుంది. "ఐదేళ్ళయిపోయింది, ఈ లీజు సర్వనాశనం అయింది, ఎందుకయిందో తలా ఒకటి చెప్పండి" అని అడగాలి. పెద్దాయన్ని కాదన్నట్టు ఉండదు కాబట్టి అప్పటిదాకా మూగగా ఉన్నవాళ్ళే ముందు మొదలెడతారు. ఎవరో ఒకణ్ణి "నువ్వు ఊరికే ఎదురు వాదించు" అని పెట్టడం మాత్రం నాకు నచ్చదు, ఉత్తుత్తి వాదన అని అందరికీ తెలిసిపోతుంది. షార్లాన్ నెమెత్ అనే సైకాలజిస్టు పరిశోధనల్లో కూడా నిజంగా కాదనుకునేవాడు ఉన్నప్పుడే మిగతావాళ్ళు బాగా ఆలోచించారు.

అరుగు మీద లేనివాళ్ళ సంగతేంటి మరి? గోదావరి జిల్లాల్లో చాలా చేలు చేసేది కౌలు రైతులే, చెరువు తవ్వితే ముందు రోడ్డున పడేది వాళ్ళూ, ఊడ్పుల కూలీకెళ్ళే ఆడవాళ్ళూ. పట్టా ఇల్లాలి పేరు మీదున్నా మీటింగుకొచ్చేది ఆయనే. వాళ్ళ మాట వినకుండా "ఊరంతా ఒప్పుకుంది" అనకండి.

వాట్సాప్ గ్రూపులో అయితే అసలు తేల్చకండి. మొదటి మూడు థంబ్సప్ లు పడ్డాక నాలుగోవాడు ఆలోచించడు, పోల్ పెట్టినా ఎవరు దేనికేశారో మామూలుగా కనిపించేస్తుంది.

అలాగని ఊరంతా ఒక్కమాట మీదుంటే గుంపులో గోవిందా కొట్టినట్టే అనుకోకండి. 2011 సార్వాలో (ఖరీఫ్ లో) కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి చేలు బీడు పెట్టారు, పెట్టుబడి పెరిగి మద్దతు ధర చాలక, డ్రైన్లు పూడిపోయి మునిగిపోతుంటే. అడిగితే ఎవరి లెక్క వాళ్ళు చెప్పగలిగారు. మీ మీటింగులోనూ అదే చూడండి, ఒక్కొక్కణ్ణీ విడిగా అడిగితే సొంత కారణం చెప్తున్నాడా, "అందరూ అంటున్నారు కదా" అంటున్నాడా.

సంతకాలు ఆ రోజు వద్దు, వారం ఆగండి. అన్నీ చేసినా మీ మాట నెగ్గకపోవచ్చు, అప్పుడు అలిగి లేచొచ్చేయకండి, మీ చేను చుట్టూ ఊట కాలువ, గట్టుకీ మీ సరిహద్దుకీ మధ్య దూరం, లీజయ్యాక చదును చేసిచ్చే ఖర్చు, ఈ మూడూ అగ్రిమెంటులో రాయించుకోండి, రాసినాక ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.