చెరిగిన పార్టిషన్‌ను రాబట్టే ముందు జాగ్రత్తలు

సిరిమానోత్సవం ఫొటోలున్న పార్టిషన్ (డ్రైవ్‌లో విడిగా కేటాయించిన భాగం) పొరపాటున డిలీట్ అయితే, విజయనగరం స్టూడియోవారు ముందుగా ఆ డ్రైవ్ వాడకం ఆపాలి. సాధారణంగా పోయేది ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పట్టికలోని నమోదు మాత్రమే కనుక, డ్రైవ్‌పై కొత్తగా ఏదీ రాయనంతవరకు ఫైళ్లు దక్కే అవకాశం ఉంటుంది.

ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కాలి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను వేరే డ్రైవ్‌లోనే ఎక్కించాలి. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ (చెరిపిన చోటును డ్రైవ్ తానే ఖాళీ చేసుకునే ఏర్పాటు) వల్ల డేటా శాశ్వతంగా పోవచ్చు కాబట్టి ఆలస్యం అసలే పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ డ్రైవ్ పరిమాణానికి తగ్గని ఖాళీ చోటున్న మరో డ్రైవ్‌లోకి పూర్తి ఇమేజ్ (డ్రైవ్ మొత్తానికి యథాతథ నకలు) తీసి, టెస్ట్‌డిస్క్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆ ఇమేజ్ మీదే నడపాలి. 1 టీబీ హార్డ్ డిస్క్‌కు గంటలు పడుతుంది. గాలివానల రోజుల్లో యూపీఎస్ లేకుండా మొదలుపెట్టడం తెలివైన పని కాదు. దొరికిన పార్టిషన్‌పై ‘పీ’ నొక్కి, ఫైళ్ల పేర్లు సరిగా కనిపించాకే ‘రైట్’ (Write, అంటే పట్టికలో తిరిగి రాయడం) ఎంచుకోవాలి. డిస్క్ టకటకమంటే వెంటనే ఆపి నిపుణులకు అప్పగించాలి.